ప్రకృతి వైపరీత్యం అనే గొడుగు

వానకు గొడుగులు బోలెడు. వరదకు మాత్రం ఒకే ఒక్క గొడుగు ఉంది: ‘ప్రకృతి వైపరీత్యం’ అనే మాట. దాని కింద ఎంతమంది నిలబడినా చోటు చాలుతుంది, ఒక్కరూ తడవరు. ఆ మాటను కనిపెట్టిన మహానుభావుడికి విగ్రహం పెట్టాలని, అదీ పూడ్చిన చెరువు నడుమనే పెట్టాలని నా మనవి.

ప్రకృతి నిర్దోషి అని వాదించను. ఎడతెరిపి లేకుండా కురవడం, మంచు ఒక్కసారిగా కరగడం, తుఫాను సముద్రాన్ని తీరం మీదికి నెట్టడం దానికి పాత అలవాట్లు. నదిదయితే మరీ మొండితనం. అటూ ఇటూ ఉన్న మైదానం తానే వేల ఏళ్లు ఒండ్రు మోసుకొచ్చి పరిచానంటుంది. పట్టా చూపించమంటే చూపించదు.

మన వంతు బహు స్వల్పం. హెక్టారు నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 10 లక్షల లీటర్ల నీరు. చెట్టూ గడ్డీ ఉన్న నేల అందులో కొంత తాగి, మిగతాది తీరిగ్గా సాగనంపుతుంది. ఆ నత్తనడక మనకు నచ్చలేదు. పైన అడవి నరికాం, కింద కాంక్రీటు పరిచాం, వాగును గొట్టంలో బిగించి దాని నోట్లో ప్లాస్టిక్ సంచులు కుక్కాం. పరుగు నేర్పింది మనం, పరుగెత్తిన నేరం నీటిది. గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. వేడెక్కించింది ఎవరని అడిగేవారికి గొడుగు కింద చోటు లేదు.

ఈ విద్యలో పూర్వులను తలవకపోతే పాపం. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ ఆనకట్ట ఒక సంపన్నుల వేట క్లబ్బు చేతిలో ఉండేది. బండ్లు నడవడానికి వీలుగా కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు పారిపోకుండా అలుగుకు జల్లెడలు బిగించారు. అడుగు తూము గొట్టాలను పాత యజమాని ఎప్పుడో ఊడబెరికితే మళ్లీ పెట్టనే లేదు. 1889 మే 31న కుండపోత వానకు చెత్త కొట్టుకొచ్చి జల్లెడలను మూసేసింది, కట్ట తెగింది. దిగువన జాన్స్‌టౌన్ వైపు 2,209 మంది చనిపోయారు. జల్లెడలు ఎవరి కోసం పెట్టారో ఆ చేపలూ పోయాయి. బాధితులు దావా వేస్తే, అది దైవఘటన అన్నారు. గొడుగు అప్పటికే తయారన్నమాట.

విగ్రహం విషయంలో చిన్న సవరణ: పీఠం కాస్త ఎత్తుగా కట్టించండి.