రాత్రి వెలుగు కాయ దిగుబడినీ తగ్గిస్తోంది

పరాగ సంపర్కం అనగానే తేనెటీగలే గుర్తొస్తాయి. పొద్దుగూకాక ఆ పని అందుకునే చిమ్మటలు, పెంకు పురుగులు ఎవరి లెక్కలోకీ రావు. స్విట్జర్లాండ్‌లో అంతవరకూ దీపాలెరుగని పచ్చిక బయళ్లలో పరిశోధకులు వీధి దీపాలు అమర్చి చూశారు. రాత్రిపూట పూల మీద వాలే కీటకాల రాక 62 శాతం పడిపోయింది. అక్కడి ఒక ముళ్ల మొక్కలో కాయ కట్టడం 13 శాతం తగ్గింది. పగటి కీటకాలు వస్తూనే ఉన్నా ఆ లోటు పూడలేదు. 2017లో 'నేచర్' ప్రచురించిన ఈ ఫలితం, రాత్రి పోయినదాన్ని పగలు సర్దేస్తుందన్న ధీమాను దెబ్బతీసింది.

పున్నమి వెన్నెల 0.3 లక్స్ (వెలుగు తీవ్రత కొలమానం) దాటడం అరుదు. వీధి దీపం కింద 10 లక్స్ మామూలే. వెన్నెలకు అలవాటుపడిన కళ్లకు ఇది ముప్పై రెట్ల పైమాట. కొన్ని చిమ్మటలు దీపం చుట్టూ తిరిగి సొమ్మసిల్లుతాయి, మరికొన్ని మేత, జత రెండూ మానేస్తాయి. ఇంగ్లండ్‌లో దీపాలున్న రోడ్ల పక్క పొదల్లో చిమ్మటల పిల్లలైన గొంగళి పురుగులు 47 శాతం తక్కువగా ఉన్నాయని 2021లో తేలింది. పాత సోడియం దీపాల కంటే తెల్లటి ఎల్‌ఈడీలు ఎక్కువ చేటు చేశాయి. గొంగళి పురుగులు తగ్గితే పక్షి పిల్లలకు మేత తగ్గినట్టే.

దీపాల దగ్గర గబ్బిలాలు బాగానే తిరుగుతున్నాయి కదా అంటారు. అవి వేగంగా ఎగిరే జాతులు. నెమ్మదిగా ఎగిరేవి, పండ్లు తిని గింజలు వెదజల్లేవి చాలావరకు వెలుగును తప్పించుకుంటాయి. గింజలు పడకపోతే, కొట్టేసిన అడవి మళ్లీ మొలవడమూ ఆలస్యమవుతుంది.

ముందు తేల్చాల్సింది, అక్కడ దీపం అవసరమా అన్నది. అవసరమైతే కాంతి పైకి పోని తొడుగు కావాలి. దీపాన్ని కొద్దిగా పైకి వంచి బిగించినా తొడుగు ప్రయోజనం పోతుంది. నీలి కాంతి ఎక్కువుండే 4000 కెల్విన్ (కాంతి రంగు కొలమానం) దీపం బదులు 2200 కెల్విన్ లేదా కాషాయ రంగు దీపం మేలు. అయితే రంగు మార్చి వెలుగు పెంచితే ఫలితం ఉండదు. అర్ధరాత్రి తర్వాత ఆర్పడమూ సగం మందే, ఎందుకంటే చాలా జీవుల సందడి సంధ్య వేళలోనే ఎక్కువ. మనుషుల కదలికకు వెలిగే సెన్సర్లు ఆ వేళ కూడా పనికొస్తాయి.

ఎల్‌ఈడీలు చవకయ్యాక వాటి సంఖ్య పెరిగింది. టెండర్లలో కనీస లక్స్ రాస్తున్నారు తప్ప గరిష్ఠ పరిమితి చాలాచోట్ల కనిపించదు. మార్పు టెండర్‌లో ఆ గరిష్ఠ పరిమితి గడితో మొదలుకావాలి.