ముద్ర పడని ఫారిన్

నేను ఆఫీసు మీటింగులో మ్యూట్‌లో ఉన్నాను. హాల్లో అమ్మా నాన్నా మ్యూట్‌లో లేరు. బెంగళూరు మారతహళ్ళిలో మాది రెండు బెడ్రూముల ఫ్లాటు. గోడలు ఉన్నాయంటే ఉన్నాయి. విన్నది విన్నట్టే రాస్తున్నాను, కోపాలు మాత్రం కాస్త తగ్గించాను.

నాన్న: ఏమే, ఇలా రా. కార్తీకమాసంలో మనం ఫారిన్ వెళ్తున్నాం.

అమ్మ: ఏ ఫారిన్?

నాన్న: ఖాట్మండూ. పశుపతినాథుడి దర్శనం. చిన్న ట్రిప్పే, మూడు రోజులు.

అమ్మ: నిజంగానా? ఉండండి, పాస్‌పోర్టు తెస్తా.

(బీరువా కిర్రుమంది. ఆ పాస్‌పోర్టు గురించి చెప్పాలి. అక్క పురుడుకి అమెరికా వెళ్ళాలని 2017లో తీయించుకుంది. అమ్మకి వీసా వచ్చేలోపు అక్కే పుణెకి వచ్చేసింది. అప్పట్నుంచీ అది పట్టుచీరల అడుగున, ప్లాస్టిక్ కవర్లో, రెండు కలరా ఉండల మధ్య పడుకుని ఉంది. తెరిస్తే ముప్పై ఆరు పేజీలూ కొత్త నోటుబుక్కులా ఫెళఫెళమంటాయి. ఇంటికి ఎవరొచ్చినా ఒకసారి తీసి చూపిస్తుంది.)

అమ్మ: విమానం ఎన్నింటికి?

నాన్న: విమానం దేనికే, దండగ. యశ్వంతపురంలో గోరఖ్‌పూర్ రైలెక్కుతాం. రెండు రాత్రులు. అక్కణ్ణుంచి సోనౌలికి బస్సు, వంద కిలోమీటర్లు కూడా ఉండదు. సోనౌలిలో సరిహద్దు నడిచి దాటేస్తాం. అవతల ఇంకో బస్సు. రాత్రి ఎక్కితే పొద్దున్నకి ఖాట్మండూ.

అమ్మ: ఫారిన్‌కి నడిచి వెళ్తామా?

నాన్న: గేటు దాటడం వరకే నడక.

అమ్మ: అంటే వెళ్ళడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు, ఊళ్ళో మూడు రోజులు. దీన్ని చిన్న ట్రిప్పంటారా? ఆ రెండో బస్సు ఎంత దూరం?

నాన్న: 280 కిలోమీటర్ల దాకా. పది గంటలు పడుతుంది.

అమ్మ: విజయవాడ అంతకి రెండింతలు దూరం. రాత్రి ఎక్కితే పొద్దున్న కాఫీ టైముకి దింపుతున్నాడు.

నాన్న: అది కొండదారి. త్రిశూలి నది పక్కనే పోతుంది. వానాకాలంలో కొండచరియలు పడతాయి, అందుకే కార్తీకం అంటున్నా. ఢిల్లీ నుంచి నేరుగా బస్సు కూడా ఉందిలే, 2014లో వేశారు. కాకపోతే ముప్పై గంటలు కూర్చోవాలి.

అమ్మ: మీరా? ఇంటర్వెల్ లోపల రెండుసార్లు లేచే మనిషి! అయినా నాకు డబ్బులిచ్చి బస్సెక్కే అలవాటు తప్పి చాలా కాలమైంది. 2023 జూన్ నుంచి.

నాన్న: ఆడవాళ్ళకి ఉచిత బస్సంటూ ఆ శక్తి పథకం ఊసు ఎత్తకు. సిల్క్ బోర్డు దాకా పోయినా నీకు జీరో టికెట్టు, నాకు అసలు టికెట్టు. ఒకే సీట్లో కూర్చుంటాం. కండక్టర్ నన్నొక్కణ్ణే దొంగలా చూస్తాడు.

అమ్మ: మరి నేపాల్ వాళ్ళకి ఆ పథకం లేదుగా. ఖర్చెంత?

నాన్న: అసలు మజా అక్కడే ఉంది! మన వంద అక్కడ నూట అరవై. ఇక్కణ్ణుంచి పదివేలు పట్టుకెళ్తే అక్కడ పదహారు వేలు. కూర్చున్నచోట ఆరువేలు లాభం.

అమ్మ: అక్కడ టీ ధర కూడా వాళ్ళ రూపాయల్లోనే చెప్తాడు కదండీ?

నాన్న: ...అది వేరే సంగతి.

(నాన్న బ్యాంకులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇది గుర్తుపెట్టుకుని చదవండి.)

నాన్న: వంద నోట్లయితే అక్కడ పేచీ ఉండదు. మూణ్ణెల్లుగా పోగేస్తున్నా.

అమ్మ: అందుకా నా పోపుల పెట్టెలో చిల్లర మాయమవుతోంది! పాలబ్బాయికి ఐదొందల నోటిస్తే రోజూ నన్ను తిట్టుకుంటున్నాడు.

నాన్న: ఇంకోటి. అక్కడ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది.

అమ్మ: ఇక్కడే అరగంట లేటు మీరు. అక్కడ ముప్పావుగంట లేటన్నమాట.

నాన్న: వాళ్ళది విక్రమ సంవత్సరం. అక్కడ 2080 దాటేసింది, తెలుసా?

అమ్మ: నా పాస్‌పోర్టు గడువు 2027! అయితే అక్కడ అది చచ్చిపోయి యాభై ఏళ్ళు దాటిందా?

నాన్న: అబ్బా, పాస్‌పోర్టు అక్కర్లేదే మనకి. ఓటరు కార్డు చాలు. ఇదిగో నాది.

అమ్మ: ఇది మీరేనా? ఇంత జుట్టుంది. సరిహద్దులో ఆపేసి ఈయన ఎక్కడ, తీసుకురమ్మంటారు. మీరు మీ కార్డు చూపించుకోండి. నేను పాస్‌పోర్టే చూపిస్తా, ముద్ర వేయించుకుంటా.

నాన్న: (గొంతు తగ్గించి) ముద్ర వెయ్యరు.

అమ్మ: ఎవరు వెయ్యరు?

నాన్న: ఎవరూ వెయ్యరు. నేపాల్ వెళ్ళడానికి మనకి వీసా లేదు, ముద్రా లేదు. రోడ్డు మీద నడిచి దాటేసేవాళ్ళని ఎవరు పట్టించుకుంటారు? 1950లో ఒప్పందం చేసుకున్నారు.

అమ్మ: నేను పుట్టకముందే నా ముద్ర పోగొట్టారా!

(ఇక్కడ హాలు నిశ్శబ్దం. నా మీటింగులో ఎవరో స్లయిడ్ మార్చారు. ఏ స్లయిడో నాకు తెలియదు.)

అమ్మ: పదిహేను వందలు కట్టాం దానికి. పోలీసు వెరిఫికేషన్‌కి వచ్చినాయనకి కాఫీ, చేగోడీలు పెట్టాను. మెడ ఇటు, చెవులు అటు అని ఫోటో తీశారు. ఇన్నాళ్ళకి ఫారిన్ అంటే, నడిచి, పప్పూ అన్నం తిని వచ్చెయ్యడమా? వాళ్ళకీ రెండు పూటలా పప్పూ అన్నమేనట కదా?

నాన్న: దాల్‌భాత్ అంటారు.

అమ్మ: పేరు మారిస్తే ఫారిన్ అయిపోతుందా? పోనీ అక్కడ నేను మాట్లాడేదెలా? నాకు హిందీ అంతంత మాత్రం.

నాన్న: పశుపతినాథ్ గుళ్ళో పూజ చేసే భట్టులు కర్ణాటక వాళ్ళేనే. వందల ఏళ్ళ ఆనవాయితీ అది. వాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ లింగాన్ని ముట్టుకోకూడదు.

అమ్మ: మూడు రోజులు బస్సులూ రైళ్ళూ ఎక్కి వెళ్తే తీర్థం ఇచ్చేది మళ్ళీ మనవైపు ఆయనేనా? (ఆగి) అయితే కన్నడం వస్తుందంటారా?

నాన్న: రాకేం!

అమ్మ: అయితే ఆయన్నే అడుగుతా.

నాన్న: ఏమని?

అమ్మ: (ఖాళీ పేజీ ఒకటి తెరిచిన ఫెళఫెళ) స్వామీ, స్వల్ప అడ్జస్ట్ మాడి, ఇక్కడ ఒక్క కుంకంబొట్టు పెట్టండి అని.

నాన్న: పాస్‌పోర్టు మీద బొట్టా? నేరం తెలుసా! మళ్ళీ అది పనికిరాదు.

అమ్మ: 2027లో ఎలాగూ పోయేదే కదండీ. సుమంగళిగా పోనివ్వండి.

నాన్న ఏమీ అనలేదు. కాసేపటికి ఫోన్ టకటకలు వినిపించాయి.

నాన్న: లోయర్ బెర్త్ ఒక్కటే చూపిస్తోందే.

అమ్మ: చాలు. మీరు పైకెక్కండి. అక్కణ్ణుంచయితే ఫారిన్ ముందే కనపడుతుంది.