వాయిదా గారికి కర్నూలు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ వాయిదా గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ కుశలం లేదు, మీకేమో లేని రోజు లేదు. బొగ్గు, చమురు పొగతో భూమి వేడెక్కొచ్చని 1965లోనే అమెరికా అధ్యక్షుడు జాన్సన్ చేతికి శాస్త్రజ్ఞుల నివేదిక వచ్చింది. అప్పుడు ఉద్యోగంలో చేరారు మీరు. ఇంకా రిటైరు కాలేదు!

1997లో, పొగ తగ్గించుకోవాలనే క్యోటో ఒప్పందం ఇంకా రాయకముందే, పేద దేశాలకూ పొగలో కోత లేనిదే సంతకం వద్దని అమెరికా సెనేట్ తీర్మానించింది. మీ వైపు 95 ఓట్లు, ఎదురు సున్నా. మా దగ్గర సర్పంచి ఏకగ్రీవం కావాలంటే ఎన్ని పొట్టేళ్లు తెగాలో మీకు తెలీదు.

2009 చెబుతా వినండి. ఆ ఏడు వానల్లేక మొగం వాచిపోయాం. అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊళ్లోకొచ్చాయి. మేం మిద్దెక్కి కూర్చుంటే కింద మా బియ్యం డబ్బా తలుపుకు కొట్టుకుంటున్న చప్పుడు రాత్రంతా. నీళ్లు తీసినాక ఇంట్లో మోకాల్లోతు ఒండ్రు, గోడ మీద నా తలకంటే జానెడు పైన మట్టిగీత. రెండుసార్లు సున్నం కొట్టించా. ముసురు పడితే చాలు, మళ్లీ తేలుతుంది. అదంతా పొగ చేసిందేనని నేననను, డ్యాముల గేట్ల పంచాయితీ వేరే ఉంది. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. పట్టిందంతా ఒక్క పూటలో కుమ్మరిస్తే మా గతి?

మా ఒండ్రు ఆరకముందే, డిసెంబరులో, కోపెన్‌హాగన్‌లో ప్రపంచ వాతావరణ సభకు దేశాల పెద్దలు కూర్చున్నారు. పేద దేశాలకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. ఆ అంకె చేరింది 2022లో. మీ లెక్కలో అది ముందే వచ్చినట్టు.

మనవాళ్లూ తక్కువేం కాదు. 2021లో గ్లాస్గోలో అదే సభలో బొగ్గును 'ఆపేస్తాం' అన్న మాటను పట్టుబట్టి 'తగ్గిస్తాం' అని మార్పించారు. తలసరి పొగలో అమెరికావాడి ముందు మనమెంతలే, అందులో న్యాయమూ ఉంది. ఆ సభ ముగిసి వారం తిరక్కుండానే కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2023 దుబాయ్ సభకైతే చమురు కంపెనీ అధిపతే అధ్యక్షుడు. సారా పాట పాడినాయన్ని తెచ్చి సారా నిషేధం సభలో పెద్దకుర్చీ వేసినట్టు.

అసలు పనికొస్తా. మీ పేరుతోనే ఇక్కడ బ్యాంకులో ఇంకొకాయన ఉన్నాడు, మీ దాయాదేమో. ఆ గోడ బాగుచేయించుకోడానికి తెచ్చిన అప్పుకు నెలనెలా వస్తాడు. వారం దాటితే నోటీసు. ఆయనకో సిఫారసు ఉత్తరం రాసివ్వండి సామీ. మన దేశం తన పొగకు చెప్పినట్టే, 2070 కల్లా నా బాకీ నికర సున్నా చేస్తా. అయిదేళ్లకోసారి ఎంత కడతానో నేనే రాసిస్తా. కట్టకపోతే మటుకు జరిమానా ఉండకూడదు, పారిస్ వాతావరణ ఒప్పందంలో మీరంతా రాసుకున్నట్టే.

ఇట్లు,
మిద్దె మీది మనిషి,
కర్నూలు పాతబస్తీ