అరికాళ్ళకు పార్టీ సభ్యత్వం

పోలీసులు కొడుతున్నారని గగ్గోలు పెట్టేవాళ్ళకు అసలు విషయం ఇంకా అర్థం కాలేదు. మన రాష్ట్రంలో లాఠీ దెబ్బ తప్పా ఒప్పా అన్న ప్రశ్నే లేదు. అది ఎవరి అరికాలి మీద పడింది, ఆ రోజు సచివాలయంలో ఎవరు కూర్చున్నారు? ఈ రెండూ చెబితే మిగతాదంతా ఎవరైనా లెక్క కట్టేయొచ్చు. ఈ శాస్త్రంలో గుంటూరు జిల్లా సాధించిన ప్రగతికి రావలసినంత పేరు రాలేదు.

2021 మే 14న సొంత పార్టీ ప్రభుత్వాన్నే విమర్శిస్తున్న అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజును సీఐడీ వాళ్ళు హైదరాబాదులో అరెస్టు చేసి గుంటూరు తీసుకొచ్చారు. రాత్రి తన అరికాళ్ళ మీద కొట్టారని ఆయన ఆరోపణ. ముట్టుకోలేదని సీఐడీ. గుంటూరు డాక్టర్ల బోర్డు చూసి గాయాల్లేవంది. సుప్రీంకోర్టు ఆదేశిస్తే సికింద్రాబాద్ ఆర్మీ ఆస్పత్రి చూసి, కాలి వేలు విరిగిందంది. దారిలో విరిగి ఉంటుందనుకోవడమే మర్యాద. జాతీయ రహదారి పరిస్థితి మనకు తెలియనిదా!

అరికాలి మంట నెత్తికెక్కడానికి మామూలు మనిషికి ఒక్క క్షణం చాలు. అదే మంట ఎఫ్ఐఆర్‌లోకి ఎక్కడానికి మూడేళ్ళు, మధ్యలో ఒక అసెంబ్లీ ఎన్నిక పట్టాయి. 2024లో ప్రభుత్వం మారాక, జూలైలో గుంటూరు నగరంపాలెం స్టేషన్లో కేసు కట్టారు. అదే ఊరు, అవే పాదాలు, అదే శాఖ. మారింది ఒక్క ఫలితాల తేదీ.

ఏడాది తిరక్కుండానే తెనాలి వంతు వచ్చింది. ఐతానగర్లో ముగ్గురు యువకులను రోడ్డు మీద కూర్చోబెట్టి, కాళ్ళు కదలకుండా తొక్కిపట్టి అరికాళ్ళ మీద లాఠీతో కొడుతున్న వీడియో 2025 మే నెలలో ఫోన్ ఫోన్‌కీ చేరింది. కానిస్టేబుల్ మీద దాడి చేసిన కేసులో నిందితులని పోలీసులు చెప్పారు. నన్ను ముచ్చటపరిచింది ఆ వీడియో కాదు, దాని కింద జరిగిన చర్చ. నాలుగేళ్ళ కిందట ఎంపీగారి పాదాల కోసం కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు, 'రౌడీషీటర్లను కొడితే తప్పేంటి' అన్నారు. అప్పట్లో అదంతా డ్రామా అని కొట్టిపారేసినవాళ్ళకు ప్రాణానికీ స్వేచ్ఛకూ హామీ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణ ఉన్నట్టుండి కంఠతా వచ్చేసింది. పాఠం ఒకటే, పిల్లలే బెంచీలు మారారు.

ఇదంతా ఈమధ్య వచ్చిన రోగమనుకుంటే చరిత్రను అవమానించినట్టే. మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద ఈస్టిండియా కంపెనీ వేసిన కమిషన్ 1855లో రిపోర్టు ఇచ్చింది. గుంటూరు, బందరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు కట్టని రైతు వేళ్ళను కిట్టి అనే కర్రల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంచి తలను కాళ్ళకు కట్టి ఎండలో ఉంచడం, అన్నీ అందులో రాసి ఉన్నాయి. శిస్తు వసూలు చేసేదీ, దొంగల్ని పట్టేదీ ఒకే కచేరీ కాబట్టి ఈ ఘోరం జరుగుతోందని, రెండూ విడదీయాలని అన్నారు. 1859లో చట్టం చేసి వేరే పోలీసు శాఖ పెట్టారు. అంటే మన పోలీసు శాఖ పుట్టిందే జనాన్ని కొట్టకుండా ఉండటానికి! ఈ ముక్క ట్రైనింగులో చెబితే కుర్రాళ్ళకు టెన్షన్ వస్తుందేమో, జాగ్రత్తగా చెప్పాలి.

ఆ శాఖను పెట్టిన తెల్లవాడు దాన్ని ఎంత నమ్మాడంటే, 1872 సాక్ష్య చట్టంలో పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదని రాసిపెట్టాడు. 2024 జూలై 1 నుంచి మనం వలస చట్టాలను వదిలించుకున్నాం. ఈ అపనమ్మకాన్ని మాత్రం భద్రంగా ఉంచుకున్నాం. 25వ సెక్షన్ పోయి 23వ సెక్షన్ అయింది, అంతే.

ఇక వృత్తి నైపుణ్యం. 'అరెస్టు చూపించడం' అనే కళ బయటివాళ్ళకు ఓ పట్టాన అర్థం కాదు. సోమవారం తెల్లవారుజామున మనిషిని మంచం మీద నుంచి లేపుకెళ్తారు. గురువారం సాయంత్రం 'బస్టాండ్ సమీపంలో అనుమానాస్పదంగా తిరుగుతూ, పోలీసులను చూసి పారిపోవడానికి ప్రయత్నించగా' అరెస్టు చూపిస్తారు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న నిబంధనకు ఏ భంగమూ లేదు. గడియారం గురువారం నుంచే కదా తిరిగేది! మధ్యలో మూడు రోజులు ఆ మనిషి ఈ లోకంలో లేడు. తర్వాత సాక్షుల ఎదుట రాసే మధ్యవర్తుల రిపోర్టు కోసం వీఆర్వోకు కబురెళ్తుంది. ఆయన వచ్చి, నిందితుడు 'ఎవరి ప్రోద్బలమూ లేకుండా, స్వచ్ఛందంగా' చెప్పిన మాటల కింద సంతకం పెట్టి, తేదీ వేసి, టీ తాగి వెళ్తాడు. ఆ స్వచ్ఛంద నిందితుడు కుర్చీలో సరిగా కూర్చోలేకపోతున్నాడేమని అడగడం ఆయన జాబ్ చార్టులో లేదు.

ఏదైనా తేడా వస్తే బాత్‌రూం ఉండనే ఉంది. స్టేషన్ బాత్‌రూం అంత జారుడు నేల రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంకెక్కడా లేదు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్లో గేటు నుంచి లాకప్ దాకా మాటలు కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు దాచాలని చెప్పింది. బాత్‌రూముకు మాత్రం బయటే పెట్టమంది. పాపం జడ్జీలు మర్యాద కోసం ఆ మాటన్నారు. బయట పెట్టిన కెమెరాలైనా పనిచేయడం లేదని 2025 సెప్టెంబరులో అదే కోర్టు తనంతట తానే కేసు చేపట్టాల్సి వచ్చింది. లాకప్‌లో ఎవరి ప్రాణమో పోయిన రాత్రే హార్డ్ డిస్క్ ప్రాణం కూడా పోవడం వెనక ఏదో ఆత్మీయత ఉండి ఉండాలి.

ఫిర్యాదు చేసుకోవడానికి చోటు లేదా అంటారు. ఎందుకు లేదు? పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో ఒకటి, జిల్లాకొకటి అథారిటీలు పెట్టమని 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్ళు తొందరపడలేదు. 2021లో ఒక రిటైర్డ్ న్యాయమూర్తిని రాష్ట్ర ఛైర్మన్‌గా వేస్తే, వయోపరిమితి దాటిందని పిటిషన్ పడి హైకోర్టు ఆ నియామకాన్ని సస్పెండ్ చేసింది. పదిహేనేళ్ళు ఆలోచిస్తే వయసు దాటక ఏమవుతుంది!

అయినా పోలీసులను మాత్రమే అనడం అన్యాయం. మన ఇంట్లో గొలుసు పోతే ఎస్ఐ గారితో మనం అనే మొదటి మాట, 'నాలుగు తగిలించండి సార్, వాడే చెబుతాడు.' తగిలిస్తే ఎవరైనా చెబుతారు. చేసినవాడూ చెబుతాడు, చేయనివాడు ఇంకా వివరంగా చెబుతాడు. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. 2008లో ఒక కుర్రాణ్ణి పట్టుకుని కేసు ఛేదించామన్నారు. 2010లో శిక్ష పడింది. అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదు మొర్రో అంటున్నా వినలేదు. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలింది. ఎనిమిదేళ్ళకు పైగా జైలు. ఇక్కడ నాకు హాస్యమేమీ తట్టడం లేదు, కాబట్టి ముందుకు పోదాం.

ప్రజాహితం కోరి నేనొక పథకం ప్రతిపాదిస్తున్నాను. పద్ధెనిమిదేళ్ళు నిండిన ప్రతి పౌరుడి అరికాళ్ళకు పార్టీ సభ్యత్వం తప్పనిసరి చేయాలి. కుడికాలు ఒక పార్టీలో, ఎడమకాలు ఇంకో పార్టీలో. ఎవరు అధికారంలో ఉన్నా ఒక కాలు ప్రతిపక్షంలో ఉంటుంది, దాని తరఫున ధర్నా చౌక్‌లో టెంటు పడుతుంది. దెబ్బలు ఏ కాలి మీద వేయాలో సభ్యత్వ కార్డు చూస్తే సిబ్బందికి స్పష్టంగా తెలుస్తుంది. ఐదేళ్ళకోసారి కాలు మార్చుకుంటే సరి.

ఏ పార్టీలోనూ చేరని పాదాలున్నవాళ్ళు, అంటే ఆటో నగర్ మెకానిక్కులు, మిర్చి యార్డు హమాలీలు వగైరా, ఒక చిన్న ముందుజాగ్రత్త తీసుకోవాలి. బాత్‌రూంలో కాలు జారి పడ్డానని, ఎవరి మీదా అనుమానం లేదని స్టాంపు పేపరు మీద రాయించి, నోటరీ చేయించి జేబులో పెట్టుకోవాలి. కోర్టు ఎదురుగా కూర్చునే రైటర్లు పది నిమిషాల్లో రాసిస్తారు. తేదీ మాత్రం ఖాళీగా వదిలేయమని చెప్పండి, దాన్ని స్టేషన్లో నింపుకుంటారు.