పద్మాక్షి గుట్ట మీది రాయిని చదివి వినిపించేదెవరు?

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక వరంగల్ యాత్ర ఒక మూసలో పడిపోయింది. పొద్దున వేయిస్తంభాల గుడి, ఎండెక్కాక ఖిలాలో తోరణాలు, మధ్యాహ్నం రామప్ప గుడి ఉన్న పాలంపేట, చీకటి పడేసరికి హైదరాబాద్ దారి. వచ్చినవాళ్ల ఫోన్లలో రెండొందల ఫొటోలుంటాయి. ఆ గుడి ఎవరు కట్టారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, అంతకుముందు అక్కడ ఏముండేదన్న సంగతి ఒక్కటీ వెంట రాదు. బౌద్ధ స్తూపం, బసది అనే జైన గుడి, మూడు గర్భగుళ్ల త్రికూటాలయం ఒకే జిల్లా దూరంలో ఉన్న నేల ఇది. దాన్ని 'కాకతీయుల శిల్పకళ' అనే ఒక్క మాటలో చుట్టేస్తున్నాం.

ఇక్కడ దారి వేయాల్సింది గుళ్లను బట్టి కాదు, శాసనాలను బట్టి. మొదటి మెట్టు రామప్ప కూడా కాదు, హనుమకొండ పద్మాక్షి గుట్ట.

గుట్ట మీద నాలుగు ముఖాల నల్లరాతి స్తంభం ఉంది. పైభాగాన జిన మూర్తులు, కింద నాలుగు వైపులా అక్షరాలు. కాలం 1117. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ ఈ గుట్ట మీద కడలాలయ బసది కట్టించిందని, దానికి భూమి ఇచ్చిందని అందులో ఉంది. ఓరుగల్లు చెరువు కింద మరొకరు ఇచ్చిన భూమి లెక్క కూడా అందులోనే ఉంది. అప్పటికి ఓరుగల్లు ఇంకా రాజధాని కాలేదు. భాష కన్నడం, ఎందుకంటే అప్పటికి కాకతీయులు కల్యాణి చాళుక్యుల సామంతులు. ఒక్క రాయిలో ఇన్ని సంగతులున్నాయి. దాని పక్కనుంచే రోజూ వందల మంది పద్మాక్షి అమ్మవారి దర్శనానికి పోతున్నారు, ఆగి చూసేవాళ్లు అరుదు. చూసినా ఏం అర్థమవుతుంది? పాత లిపి మనకు రాదు కదా.

శాసనం చూడటానికి కూడా ఓ పద్ధతి ఉంది. మిట్టమధ్యాహ్నం పోతే వెలుతురు నెత్తిన పడి అక్షరాలు రాయిలో కలిసిపోతాయి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య గానీ సాయంత్రం ఐదు తర్వాత గానీ పోతే ఏటవాలు వెలుతురులో ప్రతి గీతకూ నీడ పడి అచ్చు లేచి కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజైతే టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేయాలి, ఎదురుగా వేస్తే లాభం లేదు. ఫొటోకీ ఇదే సూత్రం, ఫ్లాష్ వద్దు. అక్షరాల్లో సుద్దముక్క రుద్దడం, పిండి నింపడం అసలే వద్దు. రుద్దినవాడికి కనిపించిన గీతే అందులో మిగులుతుంది, అసలు గీత మరుగున పడుతుంది. సున్నం, ఎనామిల్ పెయింట్ ఇంకా ఘోరం. సున్నలు, ఒత్తులు పూడిపోతాయి, పెయింట్ గీకితే రాతి పొరే లేస్తుంది. జీర్ణోద్ధరణ పేరుతో చేసే శాండ్ బ్లాస్టింగ్ అన్నిటికంటే ప్రమాదం. లోతు లేని అక్షరాల అంచులు అరిగిపోతే మళ్లీ రావు.

అక్కడినుంచి వేయిస్తంభాల గుడికి రావాలి. స్తంభాలు లెక్కపెట్టే ముందు 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం దగ్గర ఆగాలి. సంస్కృతంలో అచింతేంద్రుడు రాసిన ఆ శాసనం కాకతీయులు స్వతంత్రులయ్యారన్న ప్రకటన. ఒకే గుడిలో రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు ఎందుకు కొలువయ్యారో అది చెబుతుంది. రుద్రదేవుడు ఓడించిన రాజుల జాబితాలో మేడరాజు పేరుంది. మేడరాజుది పొలవాస, అంటే నేటి జగిత్యాల పక్కనున్న పొలాస. శాసనమే మనల్ని ఉత్తరానికి దారి పట్టిస్తోందన్నమాట.

ఆ దారిలో రెండో రోజు కరీంనగర్ వైపు. జగిత్యాల రోడ్డులో గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. గుండు మీద జైన దేవత చక్రేశ్వరి, పక్కన తీర్థంకరులు, కింద కన్నడ మహాకవి పంప తమ్ముడు జినవల్లభుడు పదో శతాబ్దంలో చెక్కించిన శాసనం. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. చివర తెలుగులో కంద పద్యాలు. గుళ్లెత్తించడంలో, పూజలు చేయడంలో, జైన మునులకు అన్నం పెట్టడంలో జినవల్లభుడికి సాటి ఎవరని ఒక పద్యం అడుగుతుంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం 'న', ప్రాస తప్పలేదు. నన్నయకు దాదాపు వందేళ్ల ముందు ఉత్తర తెలంగాణలో కందం ఇంత చక్కగా నడిచిందన్నమాట! తెలుగు చదువుకున్న ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా ఎక్కాల్సిన గుట్ట ఇది. పైకి దారి అంతా బండలే, వాన పడితే జారుతాయి. ఎండాకాలం తొమ్మిది దాటాక రాయి కాలుతుంది. నీళ్లు వెంట ఉండాలి, ముసలివాళ్లకు ఒక చెయ్యి ఆసరా కావాలి.

పెద్దపల్లి జిల్లా ధూళికట్ట సంగతి కొంచెం వేరు. హుస్సేన్‌మియా వాగు ఒడ్డున శాతవాహనుల నాటి కోట, పక్కన స్తూపం ఉన్నాయి. బుద్ధుడి గుర్తుగా పడగ విప్పిన ముచిలింద నాగం ఉన్న సున్నపురాతి ఫలకం దొరికింది ఇక్కడే. నేరుగా అక్కడికి పోతే మట్టిదిబ్బ, ఇటుకలు తప్ప ఏమీ కనపడలేదని నిరాశపడతారు. అందుకే ముందు కరీంనగర్ మ్యూజియం చూసి ఆ తర్వాత దిబ్బ ఎక్కాలి. సెలవు రోజు కాదని ముందే కనుక్కోవాలి. ఇక తిరుగు దారిలో ఆలేరు నుంచి కొలనుపాక ఆరు కిలోమీటర్లు. అందరూ జైన మందిరం చూసి వెనక్కి తిరుగుతారు. సోమేశ్వరాలయం ఆవరణలో పోగుచేసి పెట్టిన శిల్పాలు, శాసనాలు చూడకపోతే ఆ ఊరు సగమే చూసినట్టు.

యాత్రికుడికి ఉన్నది ఒక్క రోజే, మారుమూల గుట్టలకు రోడ్డు లేదు, మరుగుదొడ్డి లేదు అంటారు పర్యాటక రంగంవాళ్లు. నిజమే, అవి కావాలి. పద్మాక్షి గుడి ఒకప్పుడు జైన బసది అని బోర్డు పెడితే భక్తుల మనసు నొచ్చుకుంటుందని మరికొందరి భయం. కానీ ఆ మాట చెబుతున్నది గుడి ముందున్న రాయే. తొమ్మిది వందల ఏళ్లుగా ఆ రాయి అక్కడే ఉంది, అమ్మవారి పూజా ఆగలేదు.

అసలు నష్టం పర్యాటకానికి కాదు, మన పిల్లలకు. ఈ శాసనాలను పండితులు ఏనాడో చదివారు. జిల్లాల వారీగా శాసన సంపుటాలను ప్రభుత్వమే 1970ల్లో అచ్చువేసింది. పాఠం తయారుగా ఉంది, గ్రంథాలయాల్లో దుమ్ము పట్టి ఉంది. ఊరి చెరువు ఎవరు తవ్వించారో, ఏ మడి ఏ గుడికిచ్చారో ఊరి బడి పక్కనున్న రాయి మీదే ఉంటే, పిల్లలు మాత్రం ఎక్కడో యుద్ధాల తేదీలు బట్టీ పడుతున్నారు. మరోవైపు అదే కరీంనగర్ గుట్టలు గ్రానైట్ పలకలై ఓడలెక్కుతున్నాయి. ఎవరికీ చదవడం రాని రాయి పోయినా ఊరికి తెలియదు, అడిగేవాడూ ఉండడు.

లైటింగుకు, సెల్ఫీ పాయింట్లకు పెట్టే డబ్బులో ఇసుమంత చాలు. శాసనానికి రెండడుగుల దూరంలో, రాతికి మేకు తగలకుండా, మీద నీడ పడకుండా ఒక పలక నిలపాలి. మొదట సంవత్సరం, తర్వాత శాసన పాఠం నేటి తెలుగు లిపిలో, కింద పదో తరగతి పిల్లవాడు చదివి చెప్పగలిగే నాలుగు వాక్యాల అర్థం. భూమి కొలతలు, దాతల పేర్లు వదిలేయొద్దు, ఊరివాళ్లు వెతికేది అవే.

మొదటి పలక పద్మాక్షి గుట్టకే దక్కాలి, అదీ వచ్చే బతుకమ్మలోపు. సద్దుల బతుకమ్మ నాడు గుట్ట కింది గుండం దగ్గరికి హనుమకొండ ఆడవాళ్లంతా వస్తారు. పైనున్న రాయి మీద మైలమ పేరుందని వాళ్లకు ఇప్పటిదాకా ఎవరూ చదివి చెప్పలేదు.