చెట్లంటే ప్రేమట!

మళ్ళీ వచ్చింది ఆ ఫార్వర్డ్. "ప్రాచీన గ్రీకులు, రోమన్లు గొప్ప పర్యావరణ ప్రేమికులు, తోపుల్ని దేవుళ్ళుగా కొలిచారు" అని. ఫ్యామిలీ గ్రూపులో గొడవెందుకని ఊరుకున్నాను, ఇక్కడ కక్కేస్తున్నా.

తోపుల్ని పవిత్రంగా చూసిన మాట నిజమే. గ్రీసులోని ఒలింపియాలో దేవతల రాజు జ్యూస్ ఆవరణని ఆల్టిస్ అనేవారు, ఆ మాటకి అర్థమే తోపు. కానీ అది ప్రేమ కాదు బాబూ. ఆ స్థలం దేవుడి సొత్తు, ముట్టుకుంటే ఊరుకోడన్న భయం.

ఏథెన్స్ ప్రాంతంలో అపోలో అనే దేవుడి తోపు ఒకదానికి క్రీ.పూ. 4వ శతాబ్దపు శాసనం ఉంది. కొమ్మ కొట్టకూడదు, పుల్లలు పట్టుకెళ్ళకూడదు, చివరికి రాలిన ఆకులు కూడా! దొరికింది బానిసైతే 50 కొరడా దెబ్బలు. స్వతంత్రుడైతే 50 డ్రాక్మాల (అప్పటి వెండి నాణేలు) జరిమానా. పుల్ల ఒకటే, ఒకడికి వీపు చిట్లుతుంది, ఇంకొకడికి జేబు చిల్లు. ఇదా ప్రకృతి ప్రేమ?

పోనీ ఆ భయమైనా అందరికీ ఉందా? క్రీ.పూ. 87–86లో ఏథెన్స్‌ని ముట్టడించిన రోమన్ సేనాని సుల్లా, యంత్రాలకి కలప చాలక పవిత్ర తోపులు నరికించేశాడు. రోములో వ్యవసాయం మీద పుస్తకం రాసిన కేటో అయితే రైతుకి దారే చూపించాడు. తోపు పలచన చెయ్యాలా? పందిని బలివ్వు, "నువ్వు దేవుడివో దేవతవో, ఈ చోటు నీదైతే" అని మొక్కు, గొడ్డలి పట్టుకో. ఓనరెవరో తెలీకుండానే పర్మిషన్ తీసుకోవడమన్నమాట!

నాకు మాత్రం బాగా నచ్చేది దేయా దియా దేవత తోపు. రోముకి ఐదో మైలురాయి దగ్గర ఉండేది, ఆర్వల్ సోదరులనే పూజారులు చూసుకునేవారు. అందులోకి ఇనుము రాకూడదు. మరి వీళ్ళకేమో చేసిన ప్రతి పూజనీ ఇనుప ఉలితో రాతి మీద చెక్కించే అలవాటు. అందుకని ఇనుము లోపలికి తెచ్చినందుకు ఒక బలి, పని ముగించి బయటికి తీసుకెళ్ళినందుకు ఇంకో బలి.

క్రీ.శ. 183లో ఆ తోపులోని దేవత గుడి కప్పు మీద అంజూర చెట్టు మొలిచింది, మన గోపురాల మీద రావి మొలిచినట్టే. మనమైతే ఎవరో ఒకర్ని ఎక్కించి పీకించేస్తాం. వాళ్ళు దాన్ని కిందికి దించే పనికి ఒక దేవత, ముక్కలు చేసే పనికి ఒక దేవత, కాల్చే పనికి ఇంకో దేవత అని ముగ్గురికీ పేర్లు పెట్టి బలులిచ్చారు. ఆ తర్వాత ఇదంతా ఓపిగ్గా రాతి మీద చెక్కించారు. చెక్కాలంటే మళ్ళీ ఉలి కావాలి కదా. ఉలి వచ్చిందంటే మళ్ళీ బలి!