అడ్మిన్ గారికి బ్రేక్ దర్శనం

అలిపిరి దగ్గర సంచి విప్పి చూపించకుండా కొండెక్కడం ఎవరి వల్లా కాదు. బీడీ కట్ట దొరికినా తీసి పక్కన పెట్టేస్తారు. ఇంత కాపలా ఉన్న ఊళ్లో ఒక్కరికైనా అడ్డులేని రాకపోకలు ఉండాలనుకున్నారేమో, మా తిరుపతి లాడ్జీల వాళ్లూ అంగళ్ల వాళ్లూ ఒక పెద్దమనిషికి మాత్రం ఆధారూ టికెట్టూ అడక్కుండా నేరుగా బ్రేక్ దర్శనం ఏర్పాటు చేశారు. ఆయన పేరు అడ్మిన్. పాస్‌వర్డూ అడ్మినే.

ఈ ఏర్పాటును తప్పుబట్టే కుర్రకారు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్లకు జవాబు చెప్పాల్సిన బాధ్యత నామీద పడింది.

బస్టాండు దగ్గర ఏదో ఒక లాడ్జీ రిసెప్షన్ చూడండి. స్వామివారి పటం, దాని కింద అలమరలో నెట్టు పంచే పెట్టె, రౌటరు. రౌటరు నుదుట కుంకుమ బొట్టు, పోయిన ఆయుధపూజది. ఆ బొట్టు కింద అంతకుముందు ఏడాది గంధం ఎండి పెచ్చులు లేచి ఉంటుంది. అంటే ఏటా పూజ తప్పడం లేదు. కంపెనీ వాడు లోపాలు సరిచేసి పంపే ఫర్మ్‌వేర్ మాత్రం కొన్ననాటి నుంచీ ముట్టుకున్నవాడు లేడు. నెట్టు బిగించిన పిల్లాడు ఆరోజే అడిగాడట.

"అన్నా, రౌటరు లోపలి పాస్‌వర్డు మార్చేదా?"

"వద్దులే అబ్బయ్యా. మళ్లీ మర్చిపోతే నిన్ను యాడ ఎతుక్కునేది?"

దీన్ని నిర్లక్ష్యం అంటారా? ముందుచూపు కాదూ! కాకపోతే ఓనరు మర్చిపోకూడదని ఉంచిన ఆ ఫ్యాక్టరీ "అడ్మిన్" పాస్‌వర్డు దొంగకూ మర్చిపోలేనిదే అయింది. దొంగ లోపలికొచ్చి సైటు పేరు చెబితే దారి చూపే డీఎన్ఎస్ అనే ఒక్క గడి మారిస్తే చాలు, మనం బ్యాంకు పేరు కొడితే వాడు చూపించాలనుకున్న పేజీకే వెళ్తాం. దారి తెలియని యాత్రికులను ఆటోలో ఎక్కించుకుని కమిషన్ వచ్చే లాడ్జీ ముందు దించడం ఈ ఊరికి కొత్త విద్యా ఏమన్నా?

2016లో మిరాయ్ అని ఒక ప్రోగ్రాం పుట్టింది. దానికి పెద్ద విద్యలేమీ రావు. కంపెనీలు ఫ్యాక్టరీలో పెట్టి అమ్మిన పేరు, పాస్‌వర్డు జతలు 60 పైచిలుకు దగ్గర పెట్టుకుని ప్రపంచంలోని కెమెరాలనూ రౌటర్లనూ ఒక్కొక్కటే పలకరించింది. లక్షల్లో పలికాయి. అక్టోబరు 21న అలాంటి దండు, పెద్ద సైట్లకు ఆ డీఎన్ఎస్ దారి చూపే డిన్ అనే కంపెనీ మీద పడితే ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి మూగబోయాయి. మిరాయ్‌ని రాసిన ముగ్గురు కుర్రాళ్లు 2017లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నారు. కెమెరాల ఓనర్లను మాత్రం ఎవరూ పన్నెత్తి మాట అనలేదు. చెప్పుల దొంగను పట్టడానికి పెట్టిన కెమెరా రాత్రిపూట అగ్రరాజ్యం మీదికి దండెత్తి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు మళ్లీ చెప్పులు కాస్తుంటే ఓనరు గర్వపడాలి గానీ సిగ్గెందుకు?

పైగా మన వైద్యానికి అంతర్జాతీయ గుర్తింపు కూడా ఉంది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే పురుగు 54 దేశాల్లో కనీసం 5 లక్షల పరికరాలకు పట్టినప్పుడు ఎఫ్‌బీఐ అంతటిది ఇచ్చిన సలహా ఏమిటి? రౌటరు ఆపి మళ్లీ వెయ్యండి అని. మా కేబుల్ పిల్లాడు ఎన్నాళ్లుగానో చెబుతున్న మాటే! మిరాయ్ కూడా ఆపి వేస్తే పోతుంది, మెమరీలో తప్ప ఎక్కడా ఉండదు కాబట్టి. పాస్‌వర్డు మార్చకపోతే నిమిషాల్లో తిరిగొస్తుందంటారు. రానివ్వండి, అతిథి కదా.

ఇక లాడ్జీల బుకింగ్ వెబ్‌సైట్లు. పేరు రాయమన్న గడిలో పేరుకు బదులు ఒక కొటేషన్ గుర్తూ, డేటాబేస్‌కు అర్థమయ్యే ఎస్‌క్యూఎల్ భాషలో నాలుగు ముక్కలూ రాస్తే, సరిగా కట్టని సైటు గదులు దిగిన వాళ్లందరి చిట్టా అప్పజెబుతుంది. 1998 నుంచీ లోకానికి తెలిసిన కిటుకిది. పాతది కాబట్టి గౌరవించాలి.

కుర్రకారు ఊరుకోరు. 2017 మార్చిని చూపిస్తారు. ఆ నెల్లోనే మైక్రోసాఫ్ట్ విండోస్‌కు లోపం పూడ్చే ప్యాచ్ ఒకటి ఇచ్చింది, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే అపాచీ స్ట్రట్స్‌కూ ఒకటి వచ్చింది. రెండూ ఉచితమే. మే నెలలో వానాక్రై అనే పురుగు వచ్చి, మొదటిది వేసుకోని కంప్యూటర్లకు ప్రపంచమంతా తాళాలు వేసింది. మన రాష్ట్రంలో పోలీసు వాళ్లవీ కొన్ని అందులో పోయాయి. అదే మేలో రెండోది వేసుకోని ఈక్విఫ్యాక్స్ అనే, జనం అప్పుల చిట్టాలు దాచే అమెరికా కంపెనీలో దొంగలు దూరి, 14 కోట్లకు పైగా మనుషుల వివరాలు మోసుకుపోయారు. మందు అల్మారాలో ఉండగానే రోగి పోయాడంటారు వీళ్లు. నిజమే గానీ, మంచిరోజు చూసుకోకుండా మందు వేసుకుంటారా ఎవరైనా?

అప్‌డేట్ చేస్తే అయిదు నిమిషాలు నెట్టు ఆగుతుంది. ఆ అయిదు నిమిషాలు ఎప్పుడో చెప్పమని లాడ్జీ మేనేజరు గారినే అడిగాను. ఆయన క్యాలెండరు దించి పేజీలు తిప్పారు. శనాదివారాలు కుదరదు. వేసవి సెలవుల్లో ఊపిరాడదు. పెరటాసి నెలంతా తమిళ భక్తులు. బ్రహ్మోత్సవాల సంగతి అడగొద్దన్నారు. వైకుంఠ ఏకాదశి ముందు పది రోజులు, వెనక పది రోజులు కొట్టేశారు.

"ఆషాఢంలో కాస్త ఖాళీ దొరుకుతుంది స్వామీ," అంటూ క్యాలెండరు మళ్లీ మేకుకు తగిలించారు. "అయితే ఆషాఢంలో కొత్త పని ఎవరు మొదలుపెడతారు?"